ఏడు రోజులు, అమ్మానాన్నలు, ఒక కారు: స్కాట్లండ్‌లో ఏ దారి పట్టాలి?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెబుతాను, తర్వాత చదివేవాళ్లకీ అర్థమవుతుంది. మీరు ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటారు. మే చివర్లో గుంటూరు నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు. నాన్నగారు సోషల్ మాస్టారుగా రిటైరయ్యారు, కోటలంటే ప్రాణం. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. స్కాట్లండ్‌కి ఏడు రోజులు తీసి పెట్టుకున్నారు. ఎన్‌సీ 500 మొత్తం చుట్టేసి, దారిలో వీలైనన్ని కోటలు చూపించాలని మీ ప్లాన్. అవుతుందా?

అవుతుంది. కానీ వద్దండీ.

ఎన్‌సీ 500 అంటే నార్త్ కోస్ట్ 500, ఇన్వర్నెస్‌లో బయల్దేరి స్కాట్లండ్ ఉత్తరపు కొసంతా చుట్టి మళ్లీ ఇన్వర్నెస్‌కే చేరే 516 మైళ్ల దారి. రోడ్లు పాతవే, 2015లో ఆ పేరు పెట్టి ప్రచారం చేశారు. లెక్క వేస్తే రోజుకి డెబ్బై ఎనభై మైళ్లే కదా అనిపిస్తుంది. పడమటి వైపు ఆ రోడ్డు చాలా చోట్ల ఒక్క కారు పట్టేంతే ఉంటుంది. ఎదురుగా వచ్చే ప్రతి బండికీ ఆగాలి, గొర్రెలకి ఆగాలి, రోజూ కొత్త హోటల్లో పెట్టెలు దింపాలి. అమ్మగారి మోకాళ్లకి ఆ కారు సీటే శిక్ష అవుతుంది.

నా సలహా ఇదీ: విమానంలోనో రైల్లోనో గ్లాస్గో రండి, కారు ఇక్కడ అద్దెకి తీసుకోండి. స్టర్లింగ్, గ్లెన్‌కో, గ్లెన్‌ఫినన్, ఇన్వర్నెస్, కలోడెన్. అక్కడి నుంచి ఒక్క రోజు ఉత్తరాన క్రోయిక్ అనే చిన్న చర్చి దాకా వెళ్లి, చివరి రోజు ఏ9 హైవే మీదుగా కిందికి దిగిపోండి. బసలు మూడే: క్యాలండర్‌లో ఒక రాత్రి, గ్లెన్‌కోలో రెండు, ఇన్వర్నెస్‌లో మూడు. లోపలికి వెళ్లి చూసే కోటలు రెండో మూడో చాలు. మైళ్లు లెక్కేస్తే ఇదీ ఎన్‌సీ 500 కంటే తక్కువేం కాదు. తేడా ఎక్కడంటే, ఎక్కువ భాగం రెండు వరుసల మంచి రోడ్డు, ఎక్కడికక్కడ ఆగడానికి చోటు, వెనక్కి తిరిగి రావడానికి ఒకటే గది.

ఈ సలహా నాకు ఎలా అబ్బిందో చెబుతాను. మాది గుత్తి దగ్గర పల్లె. పదహారేళ్లుగా గ్లాస్గోలో ఉంటున్నాను. ఎండాకాలం వస్తే మా ఇల్లు సత్రం. చుట్టాలు, స్నేహితుల అమ్మానాన్నలు, వాళ్ల స్నేహితులు. ఇరవై సార్లకి పైనే ఈ కొండల్లోకి కారు నడిపాను. మొదటిసారి మా మామ, అత్త వచ్చినప్పుడు ఆరు రోజుల్లో తొమ్మిది కోటలు పెట్టుకున్నాను. అయిదో కోట గేటు దగ్గర మామ కారు దిగలేదు. "మళ్లా రాళ్లేనా అల్లుడూ? గుత్తి కోట కంటే పెద్దదా ఇది?" అన్నాడు. పెద్దది కాదు. గుత్తి కొండ చూసిన కళ్లకి ఇక్కడి కోటలు చాలా వరకు చిన్నవే.

ఆ సాయంత్రం ఒక లోయ పక్కన ఫ్లాస్కులో టీ తాగుదామని ఆగాం. నేనేదో కొండలు, వాగు చూపిస్తున్నాను. మామ మాత్రం గడ్డిలో మునిగి ఉన్న మోకాలెత్తు మొండి గోడలు చూస్తున్నాడు. ఒకటి కాదు, పది పన్నెండు ఇళ్ల ఆనవాళ్లు. "ఇక్కడ ఊరుండింది. ఈ జనమంతా యాడికి పోయినారు?" అని అడిగాడు. సేద్యం చేసిన మనిషి, ఆయన కంటికి అదే ముందు కనిపించింది. నా దగ్గర జవాబు లేదు.

జవాబు వెతుక్కున్నాక నేను జనాన్ని తిప్పే దారే మారిపోయింది. ఫోటోల్లో మనం "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో" అనుకునే ఆ ఖాళీ కొండలు సహజంగా ఖాళీగా పుట్టినవి కావు. ఆ ఖాళీయే అక్కడి చరిత్ర. కోటలంటే గెలిచినవాళ్లు, ఓడినవాళ్లు కట్టుకున్న గూళ్లు. మామూలు జనం కథ రోడ్డు పక్కన గడ్డిలో ఉంది. నాన్నగారు సోషల్ మాస్టారు కాబట్టి ఇది ఆయనకి నచ్చుతుందనే అనుకుంటున్నాను.

ముందు రోడ్ల సంగతి. కొండప్రాంతంలో పాత రోడ్లు ప్రయాణికుల కోసం వేసినవి కావు. పదవి పోయిన స్టూవర్ట్ రాజవంశం తరఫున 1715లో ఇక్కడివాళ్లు తిరుగుబాటు చేశారు. వీళ్లనే జాకబైట్లు అంటారు. అది అణిగాక జనరల్ వేడ్ అనే సేనాని సైన్యం తొందరగా కదలడానికి 1725 నుంచి సుమారు 250 మైళ్ల రోడ్లు, పదుల కొద్దీ వంతెనలు కట్టించాడు. అబర్‌ఫెల్డీలో టే నది మీద 1733లో కట్టిన వంతెన మీద ఇప్పటికీ కార్లు వెళ్తాయి. తమాషా ఏంటంటే, 1745లో జాకబైట్లు మళ్లీ లేచినప్పుడు ఆ రోడ్ల మీదే దక్షిణానికి నడిచారు. మీరు దాటే ఊళ్ల పేర్లు చూడండి: ఫోర్ట్ విలియం, ఫోర్ట్ అగస్టస్, కొంచెం అవతల ఫోర్ట్ జార్జ్. ఒకటి రాజు పేరు, ఒకటి రాజు కొడుకు పేరు, ఒకటి మళ్లీ రాజు పేరు. ఫోర్ట్ విలియంని గేలిక్ భాషలో ఇప్పటికీ "అన్ గెరస్తన్" అంటారు. దండు దిగిన చోటు అని అర్థం.

ఇక దారి.

స్టర్లింగ్ మీద ఎక్కువ చెప్పను, అందరూ చెబుతారు. కోట బాగుంటుంది, మొత్తం దారిలో చూసి తీరాల్సిన కోట ఒకటే అంటే నేను దీన్నే చెబుతాను. బురుజు మీద నిలబడితే 1297లో విలియం వాలెస్, ఆండ్రూ మరే అనే ఇద్దరు కలిసి ఇంగ్లిష్ సైన్యాన్ని ఓడించిన వంతెన చోటు ఒక వైపు, 1314లో రాబర్ట్ ద బ్రూస్ గెలిచిన బానక్‌బర్న్ మరో వైపు. నాన్నగారికి ఒక్క పూట పాఠం అక్కడే అయిపోతుంది. ఎదురుగా కొండ మీద కనిపించే వాలెస్ స్తూపానికి 246 మెట్లు, అదీ ఇరుకు చుట్టు మెట్లు. అమ్మగారితో వద్దు, కింద నుంచే చూడండి.

రెండో రోజు క్యాలండర్ దాటాక ఏ84 నుంచి బల్‌క్విడర్‌కి చిన్న పక్కదారి ఉంది. చాలామంది దాటి వెళ్లిపోతారు. అక్కడ చర్చి ముందు రాబ్ రాయ్ మెక్‌గ్రెగర్ సమాధి. మనిషి వీరుడా, పశువుల దొంగా అన్నది ఎవరు చెబుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. నాకు ఆసక్తి ఆయన ఇంటిపేరు మీద. 1603లో మెక్‌గ్రెగర్ అనే ఇంటిపేరునే నిషేధించారు. ఆ పేరు చెప్పుకోవడమే నేరం. మధ్యలో ఒకసారి ఎత్తేసి, మళ్లీ పెట్టి, చివరికి 1774లో పూర్తిగా తీసేశారు. నూటడెబ్బై ఏళ్లు! ఇంటిపేరు లేకుండా పెళ్లిపత్రిక కూడా అచ్చువేయని మనకి ఇది వెంటనే తగులుతుంది.

అక్కడి నుంచి ఏ85, ఏ82. టిండ్రమ్ దాటాక రోడ్డు ర్యానక్ మూర్ అనే బురద మైదానం మీదికి ఎక్కుతుంది. చెట్టు లేదు, ఇల్లు లేదు, నీళ్ల మడుగులు, రాళ్లు. ఆ తర్వాత ఒక్కసారిగా గ్లెన్‌కో లోయలోకి దిగుతారు. రెండు వైపులా నల్లటి కొండలు మీదికి వంగినట్టు ఉంటాయి. ఇక్కడ కారు ఆపే చోట్లు ఉన్నాయి, తొందరపడకండి.

1691లో రాజు విలియం ఒక గడువు పెట్టాడు: 1692 జనవరి 1 లోపు తెగల పెద్దలంతా తనకి విధేయులమని ప్రమాణం చేయాలి. గ్లెన్‌కో మెక్‌డొనాల్డుల పెద్ద చివరి దాకా ఆలస్యం చేసి ఫోర్ట్ విలియం వెళ్తే, ఇక్కడ కాదు ఇన్వరేరీ వెళ్లమన్నారు. మంచులో నడిచి వెళ్లి ప్రమాణం చేసేసరికి గడువు దాటిపోయింది. ప్రభుత్వంలో కొందరికి కావలసింది అదే. క్యాంప్‌బెల్ అనే కెప్టెన్ కింద సైనికులు లోయలోకి వచ్చి ఇళ్లలో బస అడిగారు. మెక్‌డొనాల్డులు పెట్టారు. సుమారు రెండు వారాలు వాళ్ల పొయ్యి దగ్గరే కూర్చుని, వాళ్ల తిండి తిని, వాళ్లతో పేకాడారు. ఫిబ్రవరి 13 తెల్లవారుజామున లేచి చంపారు. 38 మంది దాకా కత్తులకి, తుపాకులకి పోయారు. కొండల్లోకి పారిపోయినవాళ్లలో ఆడవాళ్లు, పిల్లలు మంచులో పోయారు.

తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం అంటామే, అదీ ఇది. ఇక్కడి చట్టంలో దీనికి వేరే పేరే ఉండేది: నమ్మించి చేసిన హత్య. మామూలు హత్య కంటే ఘోరం. ఇంత రక్తం చూసిన దేశంలో ఈ 38 మంది ఇంకా గుర్తుండిపోవడానికి కారణం సంఖ్య కాదు, అతిథి ధర్మం తప్పడం. లోయలో ఒక పాత సత్రం కౌంటర్ దగ్గర "తిరుగు వర్తకులకీ, క్యాంప్‌బెల్లులకీ ప్రవేశం లేదు" అన్న బోర్డు ఇప్పటికీ ఉంటుంది. తమాషాకే, కానీ పూర్తిగా తమాషా కాదు. విజిటర్ సెంటర్ దగ్గర అప్పటి పద్ధతిలో మట్టి పెళ్లలతో కట్టిన ఇల్లు ఒకటుంది, అమ్మగారికి తప్పకుండా చూపించండి. మధ్యలో పొయ్యి, పైన పొగ. మా అత్త అందులో కూర్చుని లేవనంది.

మూడో రోజు గ్లెన్‌ఫినన్. 21 కమానుల రైలు వంతెన, హ్యారీ పాటర్ మాయల సినిమా పుణ్యమా అని అందరికీ తెలిసిందే. ఆవిరి రైలు వేళకి గంట ముందే కార్ పార్క్ నిండిపోతుంది. ఫోటో కావాలంటే పొద్దున్నే వెళ్లండి. నేనైతే రైలు వెళ్లిపోయాక వెళ్తాను. ఎందుకంటే అసలు చూడాల్సింది వంతెనకి ఎదురుగా చెరువు ఒడ్డున ఉంది. 1745 ఆగస్టు 19న చార్లెస్ ఎడ్వర్డ్ స్టూవర్ట్ అనే ఇరవై నాలుగేళ్ల రాజకుమారుడు అక్కడ జాకబైట్ల తిరుగుబాటు జెండా ఎత్తాడు. స్తూపం మీద ఉన్న విగ్రహం ఆయనది అనుకుంటారు చాలామంది. అది పేరులేని మామూలు కొండసైనికుడిది.

అదే రోడ్డులో ఇంకో అరగంట వెళ్తే లోక్ నన్ ఉవా అనే సముద్రపు పాయ. దీవులు దాటి ప్రధాన భూభాగం మీద రాజకుమారుడు మొదట దిగిందీ అక్కడే, పద్నాలుగు నెలల తర్వాత ఓడిపోయి ఫ్రెంచి ఓడ ఎక్కిందీ అక్కడే. మధ్యలో అయిదు నెలలు ఆయన తల మీద 30,000 పౌండ్ల బహుమతి ఉంది. తిండికి గతిలేని జనం దాచారు, ఒక్కడు కూడా పట్టివ్వలేదు. ఒడ్డున చిన్న రాళ్ల గుట్ట గుర్తుగా ఉంటుంది, అంతే. టికెట్ లేదు, దుకాణం లేదు. మా పులిహోర ఎప్పుడూ అక్కడే విప్పుతాం.

నాలుగో రోజు ఫోర్ట్ విలియం నుంచి ఇన్వర్నెస్. లోక్ నెస్ పక్కనే రోడ్డు. నిజం చెప్పాలంటే అది పొడుగాటి చెరువు, అంతకంటే అందమైనవి యాభై ఉన్నాయి. ఒడ్డున ఉన్న అర్కర్ట్ కోటను 1692లో ఖాళీ చేసిపోతున్న దండే శత్రువుకి దక్కకూడదని పేల్చేసింది. రోడ్డు పక్క పార్కింగ్ నుంచి చూస్తే మీకు కావలసింది కనిపిస్తుంది.

ఇక్కడే మీరు ఐలన్ డొనన్ గురించి అడుగుతారని తెలుసు, క్యాలెండర్ల మీద ఉండే ఆ నీళ్లలో కోట. వెళ్లొద్దని అనను, దారి చాలా బాగుంటుంది. కానీ నాన్నగారికి ముందే చెప్పండి: 1719లో యుద్ధనౌకలు దాన్ని కూల్చేశాయి, రెండు వందల ఏళ్లు శిథిలంగా పడి ఉంది, ఇప్పుడు కనిపించేది 1932లో పూర్తయిన కట్టడం. మన తాతల కాలం నాటిది. నేను ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టారుగారికి ఈ సంగతి చెప్పకుండా తీసుకెళ్లాను. లోపల బోర్డు చదివి ఆయన నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది.

అయిదో రోజు కలోడెన్. దీనికి సగం రోజు ఇవ్వండి.

1746 ఏప్రిల్ 16. గంట కూడా పట్టలేదు యుద్ధం. సుమారు 1,500 మంది జాకబైట్లు పోయారు, ఎదుటి పక్షంలో యాభై మంది. ముందు రోజు రాత్రంతా మెరుపుదాడి కోసం నడిచి, చేరలేక వెనక్కి వచ్చిన జనం. తిండి లేదు, నిద్ర లేదు. బురద నేల మీద కత్తులతో ఫిరంగుల మీదికి పరుగెత్తారు. మైదానంలో ఎర్ర జెండాలు ప్రభుత్వ వరుస, నీలం జెండాలు జాకబైట్ల వరుస. రెండింటి మధ్య నడవండి. అది ఎంత తక్కువ దూరమో, ఆ నేల ఎంత మెత్తగా కాలు లాగేస్తుందో నడిస్తేనే తెలుస్తుంది. దారులు చదునుగా ఉంటాయి, అమ్మగారు కూడా నడవొచ్చు.

తెగల పేర్లు చెక్కిన రాళ్లు ఉంటాయి. అవి 1881లో పెట్టినవి. ఒక టీవీ సీరియల్ వల్ల ఫ్రేజర్ల రాయి దగ్గర పూల గుట్ట, సెల్ఫీల గుంపు. రాయి కింద ఉన్నది సమాధి అన్న సంగతి ఎవరికీ పట్టదు. అక్కడ మాట తగ్గించి నడవండి.

ఒక పొరపాటు అందరూ చేస్తారు: ఇది స్కాట్లండ్‌కీ ఇంగ్లండ్‌కీ యుద్ధం అనుకుంటారు. కాదు. ప్రభుత్వ సైన్యంలో స్కాట్లండ్ పటాలాలు, కొండ తెగలవాళ్లు కూడా ఉన్నారు. ఒకే ఇంట్లో అన్నదమ్ములు చెరో వైపు ఉన్న కుటుంబాలున్నాయి. మన బొబ్బిలి, పలనాడు కథలు పాఠం చెప్పిన మాస్టారికి దీన్ని విడమర్చి చెప్పనక్కరలేదు.

ఓడాక కొండవాళ్ల దుస్తుల మీద నిషేధం పెట్టారు, 1782 దాకా ఉంది. ఇది తెలిస్తే ఎడిన్‌బరా దుకాణాల్లో "మీ తెగ గళ్ల గుడ్డ" అని అమ్మేదాన్ని కొంచెం అనుమానంగా చూస్తారు. ఒక్కో తెగకి ఒక్కో గళ్ల నమూనా అన్న కచ్చితమైన లెక్క చాలా వరకు 19వ శతాబ్దంలో కుదిర్చింది. శాలువా నచ్చితే కొనుక్కోండి, చరిత్ర అనుకుని మాత్రం ఎక్కువ పెట్టకండి.

దగ్గర్లోనే క్లావా అనే చోట నాలుగు వేల ఏళ్ల నాటి రాతి సమాధులున్నాయి, చెట్ల నీడలో, ఉచితంగా. సాయంత్రం ఫోర్ట్ జార్జ్ చూడండి. కలోడెన్ తర్వాత మళ్లీ ఇలాంటిది జరక్కూడదని 1748లో మొదలుపెట్టి 1769లో పూర్తి చేశారు. పూర్తయ్యేసరికి తిరుగుబాటు చేసేవాళ్లే మిగల్లేదు. లోపల ఇప్పటికీ సైన్యం ఉంది. నాన్నగారు బురుజుల కోణాలు చూస్తూ రెండు గంటలు గడిపేస్తారు, మీరు అమ్మగారితో కేఫ్‌లో కూర్చోండి.

ఆరో రోజు. నేను ఈ ప్లాన్ అంతా రాసింది ఈ రోజు కోసమే.

ఇన్వర్నెస్ నుంచి ఏ9 మీద ఉత్తరానికి వెళ్తుంటే ఆల్నెస్ దగ్గర ఎడమవైపు కొండ మీద మూడు కమానుల వింత కట్టడం కనిపిస్తుంది. ఫైరిష్ స్మారకం. కట్టించింది సర్ హెక్టర్ మన్రో, 1764లో బక్సర్ గెలిచిన మనిషి. 1781లో డచ్చివాళ్ల దగ్గర నాగపట్నం పట్టుకున్నాక, ఆ కోట ద్వారం నమూనాలో దీన్ని కట్టించాడంటారు. మన తీరపు కోట గుమ్మం స్కాట్లండ్ కొండ మీద! ఎక్కితే రెండు గంటల నడక, కింద నుంచి చూస్తే చాలు.

ఏ9 వదిలి ఆర్డ్‌గే అనే ఊరు చేరి, అక్కడి నుంచి లోయలోకి పది మైళ్లు వెళ్లాలి. ఒక్క కారు పట్టే రోడ్డు. చివర చిన్న చర్చి, క్రోయిక్. చుట్టూ రాతి గోడ, నాలుగు చెట్లు. ఇంకేమీ లేదు.

ఆ కాలంలో భూమి అంతా జమీందార్లది. తరతరాలుగా దున్నుకుంటున్నా రైతుకి కాగితం లేదు. ఉన్ని ధర పెరిగింది, మనుషుల కౌలు కంటే గొర్రెల కౌలు ఎక్కువ వస్తోంది. ఊళ్లకి ఊళ్లు ఖాళీ చేయించారు. ఉత్తరాన సదర్లండ్ అనే ప్రాంతంలో 1807 తర్వాత పదిహేనేళ్ల పాటు వేలమందిని సముద్రపు ఒడ్డుకి తరిమారు, కొన్ని చోట్ల ఇళ్ల కప్పులకి నిప్పు పెట్టారు. మా మామ అడిగిన ప్రశ్నకి జవాబు అదీ. 1845 మేలో గ్లెన్‌కాల్వీ లోయ వంతు వచ్చింది. 18 కుటుంబాలు. పోవడానికి చోటు లేక ఈ చర్చి ఆవరణలో, సమాధుల మధ్య, దుప్పట్లు కట్టుకుని ఉన్నారు. చర్చి లోపలికి వెళ్లలేదు. కిటికీ అద్దాల మీద బయటి నుంచి గీశారు: గ్లెన్‌కాల్వీ జనం 1845 మే 24న ఈ సమాధుల దొడ్లో ఉన్నారు, అని. ఇంకో పలక మీద: గ్లెన్‌కాల్వీ జనం, పాపిష్టి తరం, అని. తమకి జరిగింది తమ పాపమే అనుకున్నారు. వాళ్ల మాట గేలిక్, గీసింది ఇంగ్లిషులో.

ఆ గీతలు ఇప్పటికీ ఉన్నాయి. వజ్రం ఆకారపు చిన్న పలకలు, తూర్పు కిటికీ. వెలుతురు పక్కనుంచి పడేలా నిలబడితే చదవగలరు. అద్దాన్ని తాకొద్దు.

అక్కడ నిలబడినప్పుడల్లా నాకు మా ఊరి వైపు సంగతి ఒకటి గుర్తొస్తుంది. థామస్ మన్రో గ్లాస్గోలోనే పుట్టాడు, 1761లో. ఇక్కడి యూనివర్సిటీలోనే చదివాడు. 1800 నుంచి 1807 దాకా మా దత్త మండలాల కలెక్టర్. జమీందారు మధ్యలో లేకుండా రైతు పేరునే భూమి రాసి శిస్తు కట్టించుకునే రైత్వారీ పద్ధతి అక్కడ నిలబెట్టాడు. 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు, గుత్తిలో పూడ్చి తర్వాత మద్రాసు తీసుకెళ్లారు. మా వైపు పిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. శిస్తు ఎక్కువే వేశాడు, దేవుణ్ని చేయక్కరలేదు. కానీ చూడండి, ఆయన కర్నూలు, కడప రైతుల పేర్లు భూమి లెక్కల్లో ఎక్కించి వచ్చిన ఏడాదే ఆయన సొంత దేశపు ఉత్తరాన సదర్లండ్‌లో కాగితం లేని రైతుల్ని గొర్రెల కోసం వెళ్లగొట్టడం మొదలైంది. ఇక్కడి రైతుకి భూమి మీద భద్రత ఇచ్చే చట్టం 1886లో గానీ రాలేదు. (ఇక్కడ ఎవరైనా "ఆదివారం ఒక మన్రో ఎక్కాను" అంటే కంగారుపడకండి. 3,000 అడుగులు దాటిన కొండని మన్రో అంటారు, 282 ఉన్నాయి. వాటి జాబితా రాసింది వేరే మన్రో.)

పది రోజులుంటే ఉల్లపూల్‌లో ఓడ ఎక్కి స్టోర్నవే పంపించేవాణ్ని. మన స్థానిక చరిత్రలు, కైఫీయత్తులు సేకరించిన కాలిన్ మెకంజీ పుట్టిన ఊరు. ఏలూరు నుంచి వెళ్లిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఊరూరా తిరిగి రాయించకపోతే ఆ సేకరణ లేదు, అది వేరే కథ. ఏడు రోజుల్లో వద్దు. పడవ ఒకటి రద్దయితే ప్లాన్ మొత్తం పోతుంది.

ఏడో రోజు తిరుగు దారిలో పెర్త్ మ్యూజియంలో ఆగండి. స్కాట్లండ్ రాజుల పట్టాభిషేకపు రాయి 2024 నుంచి అక్కడ ఉంది. 1296లో ఇంగ్లండ్ రాజు ఎత్తుకుపోయాడు, 1950 క్రిస్మస్ రోజున నలుగురు విద్యార్థులు లండన్‌లో దొంగిలించారు, దొరికాక మళ్లీ లండన్ వెళ్లింది, 1996లో అధికారికంగా తిరిగిచ్చారు. గుంటూరు మాస్టారు దాని ముందు నిలబడి కొల్లూరు గని, కోహినూర్ ఎత్తకుండా ఉండరు. ఉంటే సంతోషం, నేను తీసుకెళ్లినవాళ్లు మాత్రం అందరూ ఎత్తారు.

కొన్ని పనికొచ్చే మాటలు, వరసగా కాదు, గుర్తొచ్చినట్టు:

ఒంటి వరుస రోడ్డులో "పాసింగ్ ప్లేస్" అని చోట్లు ఉంటాయి. మీ ఎడమవైపు ఉంటే అందులోకి వెళ్లి ఆగండి. కుడివైపు ఉంటే దానికి ఎదురుగా మీ వైపే ఆగండి, ఎదుటివాడు అందులోంచి తిరిగి వెళ్తాడు. అందులో కారు పార్క్ చేసి ఫోటోలకి దిగొద్దు. వెనక స్థానికుడి బండి అంటుకుని వస్తుంటే పక్కకి తీసి దారివ్వండి, వాళ్లు పనికి వెళ్తున్నారు. నేను కొత్తలో మొండిగా ముందుకెళ్లి ఒక గోడకి అద్దం పగలగొట్టుకున్నాను. అద్దె కంపెనీ డిపాజిట్‌లో కోసింది చూసి నెల రోజులు మా ఆవిడ మాట్లాడలేదు. అదనపు ఇన్సూరెన్స్ తీసుకోండి.

ఎవరైనా ఆపిల్‌క్రాస్ కనుమ ఎక్కమంటే మీకు మాత్రం వద్దు. 626 మీటర్ల ఎత్తు, అయిదుకి ఒకటి వాలు, వెంట్రుకపిన్ను మలుపులు. మా అత్తతో పొగమంచులో ఎక్కాను. పైకి చేరేసరికి ఆంజనేయ దండకం మూడుసార్లు పూర్తయింది.

ఏ9 మీద సగటు వేగం కొలిచే కెమెరాలున్నాయి, కెమెరా దగ్గర మాత్రమే తగ్గిస్తే లాభం లేదు. మద్యం పరిమితి ఇంగ్లండ్ కంటే ఇక్కడ తక్కువ, నడిపేవాళ్లు అసలు ముట్టొద్దు. విస్కీ తయారీ చూడటానికి వెళ్తే డ్రైవర్ వాటా చిన్న సీసాలో కట్టిస్తారు, అడగండి.

కోటల టికెట్లు రెండు వేర్వేరు సంస్థలవి. స్టర్లింగ్, అర్కర్ట్, ఫోర్ట్ జార్జ్ హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ స్కాట్లండ్‌వి. గ్లెన్‌కో, గ్లెన్‌ఫినన్, కలోడెన్ నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లండ్‌వి. మీకు ఇంగ్లండ్ నేషనల్ ట్రస్ట్ సభ్యత్వం ఉంటే రెండో రకానికి ఇక్కడా అదే చెల్లుతుంది, కొత్తగా కొనకండి. కలోడెన్ మైదానంలో నడవడానికి టికెట్ అక్కరలేదు, లోపలి ప్రదర్శనకే.

మే చివర మంచి ఎంపిక. రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు, మిడ్జీలు అనే నుసుముల్లాంటి పురుగులు ఇంకా విజృంభించవు. జూన్ నుంచి సాయంత్రం చెరువు పక్కన నిలబడలేం. ఫోన్ సిగ్నల్ పోతుంది, మ్యాపులు ముందే దించుకోండి. పెట్రోలు సగం అయ్యాక కనిపించిన బంకులో పోయించండి. తిండికి, గ్లెన్‌కోలో వంటగది ఉన్న ఇల్లు తీసుకుని చిన్న రైస్ కుక్కర్ వెంట పెట్టుకోండి. పల్లెల్లో వంటగదులు రాత్రి ఎనిమిదింటికే మూస్తారు, శాకాహారం అంటే మూడో రోజుకి కూడా అదే సూపు. చింతపండు పులుసు కలిపి సీసాలో తెచ్చుకుంటే పులిహోర పది నిమిషాలు.

ఇంకో రెండు సంగతులు తెలిస్తే హోటళ్లు, మలుపులు కచ్చితంగా చెప్పగలను. అమ్మగారు ఎగుడుదిగుడు గడ్డి నేల మీద పావుగంట నడవగలరా? మీరు గేర్ల కారు నడుపుతారా, ఆటోమేటిక్కేనా? ఆటోమేటిక్ అయితే ఈ వారమే బుక్ చేయండి, మే సెలవులకి గ్లాస్గోలో అవే ముందు అయిపోతాయి.